వోల్టేజ్, కరెంట్ తెలిస్తే రెసిస్టెన్స్, పవర్ లెక్కగట్టడం: మీటర్ పెట్టడం దగ్గర్నుంచి జవాబు సరిచూసుకోవడం దాకా

ఈ లెక్కలో గణితం రెండు లైన్లే. వోల్టేజ్‌ని కరెంట్‌తో భాగిస్తే రెసిస్టెన్స్ వస్తుంది, గుణిస్తే పవర్ వస్తుంది. కాలిక్యులేటర్ చేతిలో ఉంటే క్షణాల్లో అయ్యే పని. అయినా జవాబులు తప్పు వస్తూనే ఉంటాయి. భాగహారం రాక తప్పు చేసేవాళ్ళు చాలా తక్కువ. వోల్టేజ్ ఒకచోట, కరెంట్ ఇంకోచోట కొలిచేవాళ్ళు, ఒకటి మీటర్‌తో కొలిచి రెండోది లేబుల్ చూసి వేసుకునేవాళ్ళు, లోడ్ (కరెంట్ లాగే వస్తువు) పెట్టకముందు చూసిన వోల్టేజ్‌ని లోడ్ పెట్టాక వచ్చిన కరెంట్‌తో కలిపేసేవాళ్ళే ఎక్కువ. అందుకే సూత్రాన్ని తొందరగా ముగించి, ఆ రెండు అంకెల్నీ ఎలా పట్టుకోవాలో ఎక్కువ చెబుతాను. వోల్టేజ్, కరెంట్ రెండూ ఒకే వస్తువువి అయ్యుండాలి, ఒకే సమయంలోవి అయ్యుండాలి. కింద వచ్చే ప్రతి మెట్టూ ఈ షరతును కాపాడుకోవడానికే.

ముందు సూత్రాలు, యూనిట్లు

రెసిస్టెన్స్ = వోల్టేజ్ ÷ కరెంట్
పవర్ = వోల్టేజ్ × కరెంట్

వోల్టేజ్ వోల్టుల్లో, కరెంట్ యాంపియర్లలో (అందరూ యాంప్‌లు అనేస్తారు, ఇక్కడా అంతే) వేస్తే రెసిస్టెన్స్ ఓమ్‌లలో, పవర్ వాట్లలో వస్తాయి. మొదటి సూత్రం జర్మన్ శాస్త్రవేత్త గెయోర్గ్ సైమన్ ఓమ్ 1827లో ప్రచురించిన పుస్తకం నుంచి వచ్చింది. స్కూల్లో ఓమ్ నియమం అని చదివింది ఇదే.

మిల్లీయాంప్‌లు వచ్చినప్పుడు చాలామంది దశాంశ బిందువు దగ్గర తడబడతారు. 20 మిల్లీయాంప్‌లంటే 0.02 యాంప్, 0.2 కాదు. ప్రతిసారీ మార్చుకునే తలనొప్పి లేకుండా ఒక చిట్కా ఉంది: వోల్టుల్ని మిల్లీయాంప్‌లతో నేరుగా భాగిస్తే జవాబు కిలో ఓమ్‌లలో వస్తుంది, గుణిస్తే మిల్లీవాట్లలో వస్తుంది. 9 వోల్టులు, 3 మిల్లీయాంప్‌లు అంటే 3 కిలో ఓమ్‌లు, 27 మిల్లీవాట్లు. చిన్న ఎలక్ట్రానిక్ సర్క్యూట్లతో పనిచేసేవాళ్ళకి ఇది ఒకసారి అలవాటైతే ఇక యూనిట్లు మార్చే పనే ఉండదు.

మొదటి మెట్టు: ఏ వస్తువు లెక్క కావాలో తేల్చుకోండి

వినడానికి వెర్రి మాటలా ఉంటుంది గానీ సగం తప్పులు ఇక్కడే పుడతాయి. ఒక 100 ఓమ్‌ల రెసిస్టర్, ఒక 220 ఓమ్‌ల రెసిస్టర్ సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటి) కలిపి 12 వోల్టుల సప్లై ఇచ్చారనుకుందాం. కరెంట్ 37.5 మిల్లీయాంప్‌లు వస్తుంది. ఇప్పుడు 12ని 37.5తో భాగిస్తే 0.32 కిలో ఓమ్, అంటే 320 ఓమ్‌లు. ఈ 320 మొత్తం సర్క్యూట్‌ది, రెండు రెసిస్టర్లలో ఏ ఒక్కదానిదీ కాదు. 100 ఓమ్‌ల దాని లెక్క కావాలంటే ఆ రెసిస్టర్ రెండు కాళ్ళ మధ్య ఉన్న వోల్టేజే వేయాలి, అది 3.75 వోల్టులు. 3.75 × 37.5 చేస్తే 141 మిల్లీవాట్లు, ఆ రెసిస్టర్‌లో పుట్టే వేడి అదే. రెండోదాని మీద 8.25 వోల్టులు, 309 మిల్లీవాట్లు. రెండూ కలిపితే 450, సప్లై ఇచ్చే 12 × 37.5 కూడా 450. ఇలా విడివిడి లెక్కలు కలిపితే మొత్తం సరిపోవాలి. సరిపోలేదంటే ఎక్కడో ఒక వోల్టేజ్ వేరే చోటిది వచ్చి చేరిందన్నమాట.

గుర్తుపెట్టుకోవడానికి తేలిక మార్గం: సిరీస్‌లో కరెంట్ అన్నింటికీ ఒకటే, వోల్టేజ్ పంచుకుంటాయి. ప్యారలల్‌లో (పక్కపక్కన, అవే రెండు కొనల మధ్య కలిపితే) వోల్టేజ్ అన్నింటికీ ఒకటే, కరెంట్ పంచుకుంటాయి. కాబట్టి సిరీస్‌లో వోల్టేజ్ ఎక్కడిదో చూసుకోవాలి, ప్యారలల్‌లో కరెంట్ ఏ కొమ్మదో చూసుకోవాలి.

రెండో మెట్టు: వోల్టేజ్ కొలవడం, అది కూడా లోడ్ నడుస్తుండగా

మల్టీమీటర్ నల్ల ప్రోబ్ కామన్ సాకెట్‌లో, ఎర్ర ప్రోబ్ వోల్టుల సాకెట్‌లో పెట్టండి. నాబ్‌ని డీసీ వోల్టుల దగ్గరికి తిప్పండి (బ్యాటరీలు, అడాప్టర్లు అయితే డీసీ). వోల్టేజ్ ఎంతుంటుందో తెలియకపోతే పెద్ద రేంజ్ నుంచి మొదలుపెట్టి తగ్గించుకుంటూ రండి. ఆటో రేంజ్ మీటర్ అయితే ఆ పని అదే చూసుకుంటుంది. ప్రోబ్‌లని వస్తువు రెండు చివర్లకీ తాకించండి. సర్క్యూట్ ఎక్కడా తెంపక్కర్లేదు.

అసలు విషయం ఏంటంటే ఈ రీడింగ్ వస్తువు పనిచేస్తున్నప్పుడే తీసుకోవాలి. ఖాళీగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపించి, 5 యాంప్‌ల లోడ్ పెట్టగానే 12.1కి దిగిందనుకోండి. లోడ్ రెసిస్టెన్స్ 12.1 ÷ 5, అంటే 2.42 ఓమ్‌లు. ముందు చూసిన 12.6 వేస్తే 2.52 వస్తుంది, నాలుగు శాతం తప్పు. పవర్ కూడా 60.5 వాట్లు అనాల్సింది 63 అవుతుంది. మధ్యలో తేడా వచ్చిన ఆ 2.5 వాట్లు ఎక్కడికీ పోలేదు, బ్యాటరీ లోపలే వేడిగా మారుతున్నాయి. దిగిన 0.5 వోల్టును 5 యాంప్‌లతో భాగిస్తే 0.1 ఓమ్, అది బ్యాటరీ అంతర్నిరోధం, అంటే బ్యాటరీ లోపలే ఉన్న రెసిస్టెన్స్. అంటే లోడ్ లేనప్పటి రీడింగ్ కూడా పనికొస్తుంది, కాకపోతే అది చెప్పేది బ్యాటరీ సంగతి, లోడ్ సంగతి కాదు. బ్యాటరీ పాతబడేకొద్దీ ఈ అంతర్నిరోధం పెరుగుతుంది. ఖాళీగా కొలిస్తే నిండుగా కనిపించే బ్యాటరీ లోడ్ పెట్టగానే చతికిలబడేది అందుకే.

ఈ ఇబ్బంది ఓమ్‌కీ తప్పలేదు. అప్పటి రసాయన బ్యాటరీల వోల్టేజ్ ప్రయోగం మధ్యలోనే మారిపోతుంటే, ఆయన వాటిని పక్కనపెట్టి బిస్మత్, రాగి కలిపిన థర్మోకపుల్ వాడాడు. ఒక చివర మరిగే నీళ్ళ వేడిలో, ఇంకో చివర మంచు చల్లదనంలో ఉంచితే ఉష్ణోగ్రత తేడా కదలదు, వోల్టేజ్ కూడా నిలకడగా ఉంటుంది. రెసిస్టెన్స్ లెక్కకి ముందు నిలకడైన వోల్టేజ్ కావాలని ఆయనకు అంత స్పష్టంగా తెలుసు.

తీగల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. సప్లై దగ్గర కొలిచిన వోల్టేజ్, వస్తువు దగ్గర కొలిచిన వోల్టేజ్ ఒకటి కావు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకి మీటరుకి సుమారు 0.012 ఓమ్ ఉంటుంది. వస్తువు పది మీటర్ల దూరంలో ఉంటే పోను పది, రాను పది, మొత్తం ఇరవై మీటర్లు, అంటే దాదాపు 0.24 ఓమ్. అందులో 10 యాంప్‌లు పారితే 2.4 వోల్టులు తీగలోనే పోతాయి, 24 వాట్ల వేడి దారిపొడవునా పుడుతుంది. 230 వోల్టుల సప్లై అయితే ఒక శాతం, ఎవరూ పట్టించుకోరు. అదే 12 వోల్టుల సప్లై అయితే ఐదో వంతు పోయినట్టే.

మూడో మెట్టు: కరెంట్ కొలవడం (మీటర్లు కాలిపోయేది ఇక్కడే)

కరెంట్ మీటర్‌లోంచి పారాలి, అంటే సర్క్యూట్‌ని ఒకచోట తెంపి, ఆ తెగిన రెండు కొనల మధ్యా మీటర్ పెట్టాలి. క్రమం ఇలా:

1. సప్లై ఆపండి.
2. ఎర్ర ప్రోబ్‌ని వోల్టుల సాకెట్‌లోంచి తీసి 10 యాంప్‌ల సాకెట్‌లో పెట్టండి. కరెంట్ తక్కువే అని గట్టిగా తెలిస్తే తప్ప మిల్లీయాంప్ సాకెట్‌తో మొదలుపెట్టొద్దు.
3. నాబ్‌ని డీసీ యాంప్‌ల దగ్గరికి తిప్పండి.
4. ఒక తీగ విడదీసి, మీటర్‌ని ఆ ఖాళీలో సిరీస్‌లో కలపండి.
5. సప్లై ఆన్ చేసి, అంకె కుదురుకున్నాక రాసుకోండి.
6. సప్లై ఆపి, ఎర్ర ప్రోబ్‌ని వెంటనే వోల్టుల సాకెట్‌లోకి మార్చేయండి.

ఆరో అంశం చిన్నదనిపిస్తుంది. కానీ మీటర్ వాడే ప్రతి ఒక్కరికీ నేనైతే ముందు అదే చెబుతాను. ప్రోబ్ యాంప్‌ల సాకెట్‌లో ఉండగా వోల్టేజ్ చూద్దామని బ్యాటరీ రెండు కొనలకీ తాకిస్తే, మీటర్ దాదాపు ఉత్త తీగలా ఉంటుంది కాబట్టి అది నేరుగా షార్ట్ సర్క్యూట్. మీటర్‌లో సరైన ఫ్యూజ్ ఉంటే ఫ్యూజ్ పోతుంది. కొన్ని చవక మీటర్లలో 10 యాంప్‌ల సాకెట్‌కి అసలు ఫ్యూజే ఉండదు, సాకెట్ పక్కనే ఆ సంగతి అచ్చు వేసి ఉంటుంది, ఓసారి చూసుకోండి.

230 వోల్టుల ఏసీ లైన్‌లో మాత్రం తీగ తెంపి మీటర్ పెట్టే పని పెట్టుకోవద్దు. క్లాంప్ మీటర్ వాడండి, తీగ చుట్టూ దవడ మూస్తే చాలు. ఫేజ్ తీగ ఒక్కటే దవడలో ఉండాలి. ఫేజ్, న్యూట్రల్ రెండూ కలిసి ఉన్న కేబుల్‌ని పెడితే పోయే కరెంటూ వచ్చే కరెంటూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుని సున్నా చూపిస్తుంది. ప్లగ్‌కీ సాకెట్‌కీ మధ్య పెట్టే పవర్ మీటర్ ఉంటే ఇంకా సుఖం.

నాలుగో మెట్టు: లెక్క వేయడం

12 వోల్టుల, 21 వాట్ల ఫిలమెంట్ బల్బు తీసుకుందాం, పాత బండ్ల ఇండికేటర్లలో ఉండే రకం. వెలుగుతుండగా బల్బు కొనల మధ్య 11.8 వోల్టులు, కరెంట్ 1.72 యాంప్‌లు వచ్చాయనుకోండి.

రెసిస్టెన్స్: 11.8 ÷ 1.72 = 6.86 ఓమ్‌లు.
పవర్: 11.8 × 1.72 = 20.3 వాట్లు.

డబ్బా మీద 21 అని ఉంటే మనకు 20.3 వచ్చింది. వోల్టేజ్ 12 కన్నా కాస్త తక్కువ కదా, కాబట్టి ఇది సబబే. ఇప్పుడు బల్బు ఆపి, చల్లారాక, సర్క్యూట్ నుంచి బయటికి తీసి మీటర్ ఓమ్‌ల రేంజ్‌లో పెట్టి చూడండి. 6.86 రాదు. ఒక ఓమ్ కన్నా తక్కువ చూపిస్తుంది! మొదటిసారి చూసినవాళ్ళు మీటర్ పాడైందనుకుంటారు. మీటరూ నిజమే, మన లెక్కా నిజమే. ఫిలమెంట్ టంగ్‌స్టన్‌ది, వెలిగేటప్పుడు 2000 డిగ్రీల సెల్సియస్ పైనే ఉంటుంది, అంత వేడిలో దాని రెసిస్టెన్స్ చల్లగా ఉన్నప్పటికన్నా పది రెట్లు, ఇంకా ఎక్కువ కూడా. బల్బు స్విచ్ వేసిన క్షణంలోనే పోవడం ఎక్కువగా చూస్తుంటాం కదా, కారణం ఇదే: మొదటి క్షణంలో రెసిస్టెన్స్ అర ఓమ్, ముప్పావు ఓమ్ ఉంటే ఆ క్షణానికి 1.7 బదులు 15, 20 యాంప్‌లు లోపలికి దూసుకుపోతాయి. ఫిలమెంట్‌లో అప్పటికే సన్నబడ్డ చోటు ఉంటే అక్కడ తెగిపోతుంది.

కాబట్టి ఓమ్‌ల రేంజ్‌లో కొలిచిన రెసిస్టెన్స్‌తో నడుస్తున్న వస్తువు పవర్ లెక్కగట్టకండి. వోల్టేజ్, కరెంట్‌తో చేసిన లెక్కకి ఉన్న గొప్పదనం ఇదే, వస్తువు పనిచేస్తున్న స్థితిలో దాని విలువ చెబుతుంది.

పవర్‌కి మూడు రూపాలు, ఏది ఎప్పుడు

రెసిస్టెన్స్ వచ్చేశాక పవర్‌ని ఇంకో రెండు దారుల్లోనూ పట్టుకోవచ్చు:

పవర్ = కరెంట్ వర్గం × రెసిస్టెన్స్
పవర్ = వోల్టేజ్ వర్గం ÷ రెసిస్టెన్స్

కరెంట్ పారే తీగలో పుట్టే వేడి కరెంట్ వర్గాన్ని బట్టి పెరుగుతుందని 1840-41లో ప్రయోగం చేసి చూపించింది జేమ్స్ ప్రెస్కాట్ జూల్. పై బల్బుకి వేసి చూడండి: 1.72 × 1.72 × 6.86 = 20.3. మొదటి జవాబే వచ్చింది. రావాలి కూడా, ఎందుకంటే రెసిస్టెన్స్‌ని ఆ రెండు అంకెల నుంచే తెచ్చాం. అంటే ఇది కాలిక్యులేటర్‌లో అంకె తప్పు నొక్కారా అని చూసుకోవడానికి పనికొస్తుంది, కొలత తప్పయితే మాత్రం పట్టివ్వదు. ఈ తేడా మర్చిపోయి మూడు సూత్రాలూ ఒకటే చెబుతున్నాయి కాబట్టి కొలత కరెక్టే అని ధీమా పడేవాళ్ళున్నారు.

ఇక్కడ అందరికీ వచ్చే ఒక అనుమానం తీర్చేద్దాం. ఒక సూత్రంలో రెసిస్టెన్స్ పెరిగితే పవర్ పెరుగుతోంది, ఇంకోదాంట్లో తగ్గుతోంది, ఏది నిజం? రెండూ నిజమే. ఏది కదలకుండా ఉందో చూడండి. గోడ సాకెట్‌కి పెట్టిన 1000 వాట్ల హీటర్‌కి వోల్టేజ్ మారదు, కాబట్టి రెసిస్టెన్స్ తక్కువున్న కాయిల్‌కే ఎక్కువ పవర్. అదే హీటర్‌కి సిరీస్‌లో ఉన్న ప్లగ్ పిన్ వదులై దాని దగ్గర అర ఓమ్ రెసిస్టెన్స్ వచ్చిందనుకోండి, అందులో పారే కరెంట్‌ని నిర్ణయించేది హీటరే గానీ పిన్ కాదు. కరెంట్ 4.3 యాంప్‌ల దగ్గర దాదాపు కదలకుండా ఉంటుంది, కాబట్టి పిన్ దగ్గర రెసిస్టెన్స్ పెరిగేకొద్దీ వేడి పెరుగుతుంది. 4.3 × 4.3 × 0.5, అంటే 9 వాట్లకి పైగా. ఒక పిన్ మొనలో 9 వాట్లంటే ప్లాస్టిక్ కరగడానికి చాలు. ప్లగ్గులు నల్లబడటం వెనకున్న లెక్క ఇదే.

వోల్టేజ్ వర్గం సూత్రం అసలు సత్తా చూపించేది వోల్టేజ్ మారినప్పుడు. 230 వోల్టుల, 1000 వాట్ల హీటర్ అంటే కరెంట్ 1000 ÷ 230 = 4.35 యాంప్‌లు, రెసిస్టెన్స్ 230 ÷ 4.35, అంటే 52.9 ఓమ్‌లు. వోల్టేజ్ 200కి పడిపోతే? 200 × 200 ÷ 52.9 = 756 వాట్లు. వోల్టేజ్ 13 శాతం తగ్గితే పవర్ 24 శాతం తగ్గింది. సగం వోల్టేజ్‌కి పవర్ సగం కాదు, నాలుగో వంతు. హీటర్ కాయిల్స్‌లో వాడే నైక్రోమ్ రెసిస్టెన్స్ వేడికి కొద్ది శాతమే మారుతుంది కాబట్టి ఈ లెక్క హీటర్లకి బాగా కుదురుతుంది, బల్బులకి కుదరదు.

ఎంత విద్యుత్ శక్తి ఖర్చయిందో కావాలంటే వాట్లని గంటలతో గుణించండి. 1000 వాట్లు ఒక గంట నడిస్తే ఒక కిలోవాట్ అవర్, అంటే ఒక యూనిట్, 36 లక్షల జౌళ్ళు.

వెనక్కి లెక్క: ఎల్‌ఈడీకి రెసిస్టర్ ఎంచుకోవడం

ఎక్కువమంది ఈ సూత్రాలు వెతుక్కుంటూ వచ్చేది ఈ పనికే. 5 వోల్టుల సప్లై, ఎర్ర ఎల్‌ఈడీ, అందులో 10 మిల్లీయాంప్‌లు పారాలి. 5ని 10తో భాగించి 500 ఓమ్‌లు అనేస్తే తప్పు, అది మొదటి మెట్టులో చెప్పుకున్న తప్పే. 5 వోల్టులూ రెసిస్టర్ మీద లేవు. ఎర్ర ఎల్‌ఈడీ తన వాటాగా దాదాపు 2 వోల్టులు తీసుకుంటుంది, మిగిలిన 3 వోల్టులే రెసిస్టర్‌వి. 3 ÷ 10 = 0.3 కిలో ఓమ్, 300 ఓమ్‌లు. మామూలుగా దొరికే విలువలు పది నుంచి వంద లోపు 10, 12, 15, 18, 22, 27, 33, 39, 47, 56, 68, 82, వాటి పది రెట్లు, వంద రెట్లు. 270 ఉంది, 330 ఉంది. పైదే తీసుకోండి, కరెంట్ కాస్త తగ్గితే నష్టం లేదు. 330తో 9.1 మిల్లీయాంప్‌లు పారుతుంది, రెసిస్టర్‌లో 27 మిల్లీవాట్లు, ఎల్‌ఈడీలో 18 మిల్లీవాట్లు, సప్లై ఇచ్చేది 45. కలిపితే సరిపోయింది.

రెసిస్టర్‌కి ఓమ్‌లు ఒక్కటే చూస్తే చాలదు, వాట్లు కూడా చూడాలి. సన్నగా ఉండే మామూలు రెసిస్టర్ పావు వాట్‌ది. పావు వాట్, 100 ఓమ్‌ల రెసిస్టర్ తట్టుకోగలిగేది ఎంత? పవర్‌ని రెసిస్టెన్స్‌తో భాగించి వర్గమూలం తీస్తే కరెంట్: 0.25 ÷ 100 వర్గమూలం 0.05, అంటే 50 మిల్లీయాంప్‌లు, దాని మీద 5 వోల్టులు. అదే రెసిస్టర్‌కి 12 వోల్టులు తగిలిస్తే 1.44 వాట్లు, దాని తాహతుకి దాదాపు ఆరు రెట్లు. పొగ వాసన వస్తుంది, రంగు గీతలు మాడిపోతాయి, తర్వాత ఎన్ని ఓమ్‌లో కూడా చదవలేరు. లెక్కలో వచ్చిన వాట్లకి రెట్టింపు రేటింగ్ ఉన్నది తీసుకోండి. మూసేసిన డబ్బాలో గాలాడకుండా ఉంటే ఇంకా ఎక్కువ.

మరి ఎల్‌ఈడీ రెసిస్టెన్స్ ఎంత? 2 వోల్టుల్ని 9.1 మిల్లీయాంప్‌లతో భాగిస్తే 220 ఓమ్‌లు వస్తుంది, కానీ ఆ అంకెతో చేయగలిగింది ఏమీ లేదు. కరెంట్ రెట్టింపు చేస్తే వోల్టేజ్ కొంచెమే పెరుగుతుంది, 220 కాస్తా 110, 120 దగ్గరికి వచ్చేస్తుంది. నా లెక్కలో పవర్ సూత్రమే ఎక్కువ నమ్మదగింది. డీసీలో వస్తువు ఏదైనా సరే, బల్బైనా ఎల్‌ఈడీ అయినా మోటారైనా, వోల్టేజ్ ఇంటూ కరెంట్ అంటే అది లోపలికి తీసుకునే పవరే. రెసిస్టెన్స్ సూత్రం భాగహారంగా ఎప్పుడూ ఒక అంకె ఇస్తుంది గానీ, ఆ అంకె ఇంకో వోల్టేజ్ దగ్గర కూడా నిలబడుతుందా అన్నది వస్తువును బట్టి ఉంటుంది.

నిలబడుతుందో లేదో ఎలా తెలుస్తుంది

ఒక్క రీడింగ్‌తో తెలియదు. మూడు నాలుగు వోల్టేజ్‌ల దగ్గర కొలవాలి. ఒక 100 ఓమ్‌ల రెసిస్టర్‌కి (5 వాట్ల రకం తీసుకోండి, పావు వాట్‌ది ఈ ప్రయోగానికి పనికిరాదని పైనే చూశాం) 3 వోల్టుల దగ్గర 30 మిల్లీయాంప్‌లు, 6 దగ్గర 61, 9 దగ్గర 90, 12 దగ్గర 121 ఇలా వస్తుంది. భాగించి చూస్తే 100, 98, 100, 99. మీటర్ తేడాలు తప్ప విలువ కదలట్లేదు. ఇందాకటి 21 వాట్ల బల్బుకి సుమారుగా 3 వోల్టుల దగ్గర 0.82 యాంప్, 6 దగ్గర 1.2, 12 దగ్గర 1.75 వస్తాయి. భాగిస్తే 3.7, 5, 6.9 ఓమ్‌లు. వోల్టేజ్‌తో పాటు వేడి, వేడితో పాటు రెసిస్టెన్స్ ఎక్కుతోంది. గ్రాఫ్ గీస్తే మొదటిది సరళరేఖ, రెండోది పోనుపోను వంగిపోయే గీత. గీత వంగితే ఓమ్‌లతో పాటు ఏ వోల్టేజ్ దగ్గర కొలిచారో కూడా రాయాలి, లేకపోతే ఆ అంకెకి అర్థం లేదు.

మీటర్ కూడా సర్క్యూట్‌లో భాగమే

వోల్టేజ్, కరెంట్ ఒకేసారి కొలవాలంటే రెండు మీటర్లు కావాలి. అప్పుడు వోల్ట్ మీటర్‌ని ఎక్కడ తాకించాలన్న ప్రశ్న వస్తుంది: వస్తువు కొనల మీదా, లేక వస్తువు, యాంప్ మీటర్ రెండూ కలిసిన కొనల మీదా?

చిన్న రెసిస్టెన్స్ అయితే ఎప్పుడూ వస్తువు కొనల మీదే. 0.1 ఓమ్ రెసిస్టర్‌ని మామూలుగా ఓమ్‌ల రేంజ్‌లో కొలిస్తే ప్రోబ్ తీగల రెసిస్టెన్స్ కూడా కలిసి 0.3 చూపించొచ్చు, మూడు రెట్ల తప్పు. బదులుగా దానిలోంచి 2 యాంప్‌లు పంపి, దాని కాళ్ళ మొదట్లో వోల్టేజ్ కొలవండి: 0.2 వోల్టు. 0.2 ÷ 2 = 0.1. కరెంట్ మోసే తీగలు వేరు, వోల్టేజ్ చూసే తీగలు వేరు కాబట్టి తీగల రెసిస్టెన్స్ లెక్కలోకి రాదు. నాలుగు తీగల పద్ధతి అంటారు, కెల్విన్ పద్ధతి అన్నా ఇదే. మోటార్ వైండింగులు (లోపలి తీగ చుట్టలు), స్విచ్ కాంటాక్టులు, షంట్‌లు (కరెంట్ కొలవడానికి వాడే అతి చిన్న రెసిస్టర్లు) చూడాలంటే వేరే దారి లేదు.

మెగా ఓమ్‌ల స్థాయిలో సంగతి తిరగబడుతుంది. డిజిటల్ మీటర్ వోల్టుల రేంజ్‌లో సాధారణంగా 10 మెగా ఓమ్‌లు ఉంటుంది. 1 మెగా ఓమ్ రెసిస్టర్ పక్కన దాన్ని ప్యారలల్‌గా పెడితే యాంప్ మీటర్ రెండింటి కరెంటూ కలిపి చూపిస్తుంది, లెక్కలో 0.91 మెగా ఓమ్ వస్తుంది. అప్పుడు వోల్ట్ మీటర్‌ని యాంప్ మీటర్‌కి అవతల, సప్లై వైపు పెట్టాలి. యాంప్ మీటర్‌లో పోయే వోల్టేజ్ మెగా ఓమ్ ముందు లెక్కలోది కాదు.

ఇక ఎన్ని అంకెలు రాయాలి అంటే, మీటర్‌కి ఎంత నమ్మకముందో అన్నే. వోల్టేజ్‌లో ఒక శాతం, కరెంట్‌లో రెండు శాతం తేడా ఉండొచ్చనుకుంటే, భాగించినా గుణించినా జవాబులో మూడు శాతం దాకా తేడా రావచ్చు. 6.86 ఓమ్‌లంటే 6.65 నుంచి 7.07 మధ్యలో ఎక్కడైనా అన్నమాట. కాలిక్యులేటర్ 6.8604651 చూపించిందని మొత్తం రాసేస్తే కొలత మెరుగుపడదు. వోల్టేజ్ వర్గం సూత్రం వాడితే వోల్టేజ్‌లో ఉన్న తేడా రెట్టింపవుతుంది, అదీ గుర్తుంచుకోండి.

ఏసీలో ఎక్కడిదాకా ఇవే సూత్రాలు

హీటర్, ఫిలమెంట్ బల్బు లాంటి వేడి పుట్టించే వస్తువులకైతే పైన చెప్పిన ప్రతిదీ ఏసీలోనూ అలాగే పనిచేస్తుంది. మీటర్ చూపించే 230 వోల్టులు ఆర్‌ఎంఎస్ విలువ, అంటే అదే వేడినిచ్చే డీసీ వోల్టేజ్‌కి సమానం. అలల శిఖరం నిజానికి 325 వోల్టుల దాకా వెళ్తుంది, కానీ పవర్ లెక్కలో 325 వేయకూడదు. డిమ్మర్, కంప్యూటర్ సప్లై లాంటివి కరెంట్‌ని ముక్కలు ముక్కలుగా లాగుతాయి కాబట్టి అక్కడ మామూలు మీటర్ తప్పు చూపిస్తుంది, ట్రూ ఆర్‌ఎంఎస్ అని రాసున్న మీటర్ కావాలి.

మోటారు, ట్రాన్స్‌ఫార్మర్, చోక్ లాంటి కాయిల్ ఉన్న వస్తువుల దగ్గర రెండు సూత్రాలూ పేరు మార్చుకుంటాయి. ఒక చిన్న, ఒకే వైండింగ్ ఉన్న మోటారు 230 వోల్టుల మీద 0.5 యాంప్ తీసుకుంటోందనుకుందాం. గుణిస్తే 115 వస్తుంది. అది వాట్లు కాదు, వోల్ట్ యాంప్‌లు. పవర్ మీటర్ పెడితే 69 వాట్లు చూపించింది. 69 ÷ 115 = 0.6, అదే పవర్ ఫ్యాక్టర్. ఏసీలో అసలు పవర్ కావాలంటే వోల్టేజ్ × కరెంట్ × పవర్ ఫ్యాక్టర్ చేయాలి. మూడోది తెలియకపోతే మొదటి రెండింటితో చెప్పగలిగేది గరిష్ఠం ఎంతన్నదే. భాగించినా అంతే, 230 ÷ 0.5 = 460 ఓమ్‌లు వస్తుంది గానీ అది రెసిస్టెన్స్ కాదు, ఇంపెడెన్స్, అంటే ఏసీకి ఆ వస్తువు ఇచ్చే మొత్తం అడ్డు.

వైండింగ్ రెసిస్టెన్స్ కావాలంటే మోటారుని మెయిన్స్ నుంచి పూర్తిగా తీసేసి, తక్కువ డీసీ వోల్టేజ్ ఇచ్చి కొలవండి. 12 వోల్టులకి 0.12 యాంప్ పారితే 100 ఓమ్‌లు. ఇప్పుడు ఆ 100ని మెయిన్స్ మీద పారిన 0.5 యాంప్‌తో కలిపితే 0.5 × 0.5 × 100 = 25 వాట్లు, రాగి తీగలో వేడి కింద పోయే వాటా. 69లోంచి 25 తీసేస్తే 44, ఇనుప కోర్‌లోనూ బేరింగుల్లోనూ పోయేది, షాఫ్ట్ చేసే పని అన్నీ అందులోనే. ఇది చల్లగా కొలిచిన 100 ఓమ్‌లతో వేసిన లెక్క. రాగి రెసిస్టెన్స్ డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది కాబట్టి వైండింగ్ 50 డిగ్రీలు వేడెక్కితే ఆ 100 కాస్తా 120 దగ్గరికి, 25 వాట్లు 30 దగ్గరికి వెళ్తాయి. కాసేపు నడిపి ఆపగానే డీసీతో మళ్ళీ కొలిస్తే ఈ పెరుగుదల మీకే కనిపిస్తుంది.